48.58 పద్దు



2012 జులై 4న జెనీవా దగ్గర సెర్న్‌లో హిగ్స్ బోసాన్ అనే కణం దొరికిందన్నారు. అప్పటికి మన రంగూన్ విశ్వవిద్యాలయం పాత ఆవరణలో డిగ్రీ తరగతులే లేవు. విద్యార్థులు గుమిగూడితే సైనిక పాలకులకు గుబులు మరి. అదే ఏడాది నవంబరులో ఇక్కడి స్నాతకోత్సవ మందిరంలో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా ప్రసంగించారు. డిగ్రీ పిల్లలు తిరిగి అడుగుపెట్టింది మాత్రం 2013 చివర్లో.

కణం దొరకడం పతాక శీర్షికైంది. అది ఎంత తరచుగా పుట్టాలో ముందే లెక్కగట్టినవాళ్ల పేర్లు పత్రికలకు పెద్దగా ఎక్కలేదు.

ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు వాటిలోని గ్లూయాన్లు అనే కణాలు కలిసి హిగ్స్‌ను పుట్టిస్తాయి. ఆ అవకాశాన్ని పికోబార్న్‌లలో కొలుస్తారు. 13 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సిద్ధాంతం చెప్పే అంకె 48.58. దీన్ని కిరాణా పద్దులా అంచెలంచెలుగా విప్పి చూడాలి. 1978 నాటి మొదటి అంచె లెక్కకు వచ్చేది 16 మాత్రమే. 1991లో తేలిన రెండో అంచె 20.84 కలిపింది: సవరణే అసలును మించిపోయింది! క్వార్కుల ద్రవ్యరాశి పేరిట 2.05 తరుగు. మూడో అంచె 9.56, విద్యుత్-బలహీన బలం వాటా 2.40, టాప్ క్వార్క్ సవరణ 0.34. నాలుగో అంచెకు మిగిలింది 1.49, అంటే మూడు శాతం.

ఆ మూడు శాతం కోసం సుమారు లక్ష రేఖాచిత్రాలు గీయాల్సి వచ్చింది. వాటిలోంచి పుట్టిన 6.8 కోట్ల సమాకలనులను దాదాపు వెయ్యికి కుదించి, అనస్టాసియూ, డూర్, మిస్ట్‌ల్‌బెర్గర్ తదితరులు 2015లో ఒడ్డున పడ్డారు. అంకె కాస్తే కదిలింది. దాని మీది అనుమానం బాగా తగ్గింది.

అంతకుముందు మూడో అంచెను మూడు బృందాలు విడివిడిగా తేల్చాయి: 2002లో హార్లాండర్–కిల్‌గోర్, అనస్టాసియూ–మెల్నికోవ్, 2003లో రవీంద్రన్–స్మిత్–వాన్ నీర్వెన్. దారులు వేరు, జవాబు ఒక్కటే. రవీంద్రన్ ఆ తర్వాత చేరింది చెన్నైలోని గణిత విజ్ఞాన సంస్థలో. నెల్లూరు జిల్లా మూలాలున్న అల్లాడి రామకృష్ణన్ ఇంట్లో సెమినార్లతో మొదలుపెట్టి, 1962లో నిలబెట్టిన సంస్థ అది. మన రంగూన్ స్టీమర్లు ఒకప్పుడు బయల్దేరిన ఊరూ అదే.

2022లో సెర్న్‌లోని సీఎంఎస్ ప్రయోగం, కొలిచిన దాన్ని లెక్కతో పోల్చి నిష్పత్తి 1.002 అని చెప్పింది, అటూఇటూ 0.057. ప్రోటాన్లను ఢీకొట్టించే కొలైడర్ సామర్థ్యం పెంచాక కొలత ఇంకా నిశితమవుతుంది, లెక్కా అందుకోవాలి. ప్రోటాన్ లోపల గ్లూయాన్ల పంపిణీ నాలుగో అంచెలో ఇప్పటికీ ఉజ్జాయింపుగానే ఉంది.