పాత బొమ్మల కథలు – నేటి పాఠకులు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు వచ్చిన పిల్లలు మొదట వెదకునవి బొమ్మల పుస్తకములే. అందులకు వారిని తప్పుపట్టరాదు. కాని ఆ బొమ్మలు ఏ కాలమున, ఎవరి దృష్టితో గీయబడినవో పెద్దలు విచారింపవలసియున్నది.

అమెరికా రచయిత లీ ఫాక్ 1936లో 'ఫాంటమ్' కథను ప్రారంభించెను. 1964 మార్చి నుండి 1990 వరకు బొంబాయి నుండి వెలువడిన ఇంద్రజాల్ కామిక్స్ ద్వారా ఆ ముసుగువీరుడు మన దేశమున పలువురకు పరిచితుడయ్యెను. 1536లో ఓడదొంగల చేత తండ్రిని కోల్పోయిన ఒక తెల్లవాడు అడవిజాతి వారి ఆశ్రయమున బ్రతికి, దుష్టశిక్షణకై పుర్రెపై ప్రమాణము చేసెనట. తండ్రి పిదప కొడుకుగా ఇరువదియొక్క తరములు ఆ పీఠము సాగినది. అడవిలోని తగవులకు అతని మాటయే తీర్పు.

ఈ కథలోని కిటుకు ఆత్మకూరు వారికి తేలికగా బోధపడును. ఇది అమరచింత సంస్థానమునకు రాజధానియైన ఊరు. పాలమూరు సంస్థానములందు పండితపోషణ జరిగినమాట నిజము. అయినను హైదరాబాదు రాజ్యము 1948లో భారతదేశమున కలిసిన పిదప ఆ ప్రభుత్వములు అంతరించినవి. ప్రజలు ఓటు చేతబట్టిరి. మరి ఆ కథలోని అడవి జనులు నాలుగు వందల యేండ్లు గడచినను తమ తగవు తామే తీర్చుకొన నేర్వరేమి? నేర్చినచో ముసుగువీరునికి పనియుండదు గదా!

మరియొకటి. అతనికి అండగానుండు పొట్టి జనుల తెగ పేరు 'బందర్'. ఉర్దూ ఎరిగిన పాలమూరు వారికి ఆ మాట అర్థము చెప్పనక్కరలేదు. అది మచిలీబందరు మాత్రము కాదు. ఇంద్రజాల్ వారు మూలములోని బెంగాల్లా దేశమును డెంకాలి అనియు, 'సింగ్' ఓడదొంగలను 'సింగా' అనియు మార్చిరి. పేర్లు మారినవే గాని పీఠము ఎక్కడిదక్కడనే యుండెను. అయితే ఫాక్ స్వయముగా కొంత దిద్దుకొనెను. 1960ల కథలలో ఆ దేశమునకు లువాగా అను నల్లజాతి వైద్యుడు అధ్యక్షుడయ్యెను. ఆయనదే మాండ్రేక్ కథలో చిరుతతోలు కట్టి, వచ్చీరాని ఇంగ్లీషు పలికిన లోథార్‌కు 1965 తరువాత మంచి బట్టలు, మంచి భాష లభించినవి.

బెల్జియము చిత్రకారుడు హెర్జే 1930–31లో గీసిన 'కాంగోలో టిన్‌టిన్' ఇంతకంటె కటువైనది. 1946లో ఆయనయే దానిని కొంత మార్చెను. దానిని నిషేధింపవలెనని కాంగో పౌరుడొకడు 2007లో బ్రస్సెల్సులో ఫిర్యాదు చేయగా, 2012లో న్యాయస్థానము అంగీకరింపలేదు.

పరులనన్న చాలదు. రాక్షసుడన్నచో నల్లరంగు పూయుట మన బొమ్మల కథలకును అలవాటే. నల్లమల చెంచుబిడ్డ ఆ పుటను తెరచినచో తన రంగును ఎవరి ముఖమున చూచుకొనవలెను?

ఇట్టి పుస్తకములను తగులబెట్టుమనుట తగదు. దాచినచో పిల్లలు మరింత ఆసక్తితో వెదకుదురు. ఆ టిన్‌టిన్ పుస్తకమును 2005లో ఇంగ్లండున ప్రచురించినవారు దానికి హెచ్చరికతో కూడిన కాగితపు పట్టీ చుట్టిరి. మన గ్రంథపాలకులును లోపలి అట్టపై ఆ కథ తొలుత అచ్చయిన సంవత్సరమును, దేశమును, ఆనాడు ఆ దేశమును ఎవరు ఏలుచుండిరో ఆ సంగతిని నాలుగు పంక్తులలో వ్రాసి అంటింపవచ్చును. పుస్తకము తిరిగి యిచ్చునపుడు, "ఆ అడవివారు ఏమి మాటలాడిరిరా?" అని పిల్లవానిని ఒక మాట అడుగవచ్చును.