పెరటి ట్రాక్టరుకు పెట్రోలు

ట్రాక్టరనగానే శ్రోతలకు దుక్కిచేను, వెనుక నాగళ్లు, చక్రములకంటిన బురద మనస్సునకు వచ్చును. మేము చెప్పబోవు ట్రాక్టరు దున్నదు, బండిని లాగదు. దాని పని గడ్డి కోయుట. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, ఎకరమునకు కొంచెము పైబడిన స్థలము గల యింట మేము దంపతుల మిద్దరము చాల యేండ్లుగా కాపురమున్నాము. ఇంటి చుట్టును గడ్డి. వసంతము మొదలు చలి ప్రవేశించువరకు వారమున కొకసారి దానిని కోయవలెను. కోయనిచో ఇరుగుపొరుగువారు ఏమియు అనరు, ఊరక చూచెదరు. తోపుడు యంత్రముతో అంత మేర నడచుట మా వయసువారికి కాని పని. అందుచేత కూర్చుండి నడుపు చిన్న ట్రాక్టరును కొంటిమి.

కోయుట సుఖమే. కష్టమంతయు దానికి పెట్రోలు పోయుటలో నున్నది. ఇచ్చట పెట్రోలుకు ఎఱ్ఱ డబ్బా, డీజిలుకు పసుపు, కిరసనాయిలుకు నీలము వాడుట ఆచారము. మాది అయిదు గాలన్ల ఎఱ్ఱ డబ్బా. నిండుగా నున్నపుడు అందు ఇంచుమించు 19 లీటర్లు పట్టును. పెట్రోలు బరువే 14 కిలోలు. మంచినీళ్ల బిందెలు మోసిన మన యిల్లాండ్రకు అదియొక బరువా యని మీరనవచ్చును. కాని బిందె చంకలో కుదురుకొనును. డబ్బానో, చేతులు చాచి, గాలిలో వంచి, ఒక చేత అడుగు పట్టి, రెండవ చేత మూతి దగ్గరి మీట నొక్కి, టాంకి నిండువరకు అట్లే నిలువవలెను.

ఆ మీట గూర్చి ఒక మాట. పాత డబ్బాలకు వెనుకవైపు గాలి పోవుటకు చిన్న రంధ్ర ముండెడిది. పెట్రోలు ధారగా దిగెడిది. 2009 నుండి తయారగు డబ్బాల మూతి దానంతట అదే మూసుకొనవలెనని ఈ దేశపు ప్రభుత్వము నిబంధన చేసినది. పెట్రోలు ఆవిరియై గాలిని చెఱచుచున్నదని దానికి కారణము. పిల్లలు మూత తీయలేకుండ నుండవలెనని 2008లో చేసిన చట్టము మఱియొకటి. రెండును మంచివే. మనుమలు వచ్చినపుడు మాకును ఆ మూత ధైర్యమే. కాని కీళ్లనొప్పి గల వ్రేళ్లు ఆ చట్టములు చేసినవారికి జ్ఞప్తికి వచ్చినట్లు లేదు.

రెండు వేసవుల క్రిందట సగము కోతలో ట్రాక్టరు ఆగిపోయినది. చల్లారువరకు ఆగుట కోపిక లేక వెంటనే డబ్బా నెత్తితిమి. భుజము వణకి, దోసెడు పెట్రోలు వేడి ఇంజనుమీద పడి, బుస్సుమని ఆవిరి లేచినది. నిప్పంటుకొనలేదు. దానికి మా తెలివి కారణము కాదు. పెట్రోలు మంచు గడ్డకట్టు చలిలో సైతము మండదగిన ఆవిరి నిచ్చును. ఆ ఆవిరి గాలికంటె బరువు గనుక నేలబారుగా ప్రాకి, దూరముననున్న మంటను సైతము చేరగలదు. నీళ్లు కాచు గ్యాసు పొయ్యి గల గ్యారేజిలో పెట్రోలు పోయరాదనుట అందుకే. ఆ దినముననే ఇంకొక దారి వెదకవలె ననుకొంటిమి.

మొదట తోచినది గొట్టము. మన పల్లెలలో ఆయిలింజనుకు డీజిలు దించుటకు రబ్బరు గొట్టమును నోటబెట్టి పీల్చువారిని మేము చిన్ననాట చూచియుంటిమి. అది మిక్కిలి చెడ్డ పద్ధతి. ఆ నూనె పొలమారి ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణమునకే ముప్పు. ఇచ్చట నోటితో పనిలేని గొట్టము దొరకును. దాని కొనయందలి లోహపు గొట్టములో ఒక గోళీ యుండును. పెట్రోలులో ముంచి పైకి క్రిందికి నాలుగుసారులు ఆడించినచో ధార మొదలగును. చక్కని సాధనమే. అయితే పైనుండి క్రిందికే పాఱును గదా! డబ్బాను టాంకికంటె ఎత్తున పెట్టవలెను. ఎత్తుట తప్పించుకొందమని బయలుదేరి, మరల ఎత్తుటకే వచ్చితిమి.

తరువాత చక్రముల టాంకిని చూచితిమి. 14 గాలన్లు పట్టును. చేతిపంపు, పొడుగాటి గొట్టము ఉండును. ట్రాక్టరు వద్దకు దొర్లించుకొని పోవచ్చును. అంగడిలో చూడ ముచ్చటగా నున్నది. ఇంటికి వచ్చి లెక్క వేసితిమి. అందులోని పెట్రోలే 39 కిలోలు. బంకువద్ద ఏ డబ్బానైనను నేలమీద నుంచియే నింపవలెను. వాహనములో నుంచి నింపినచో స్థిర విద్యుత్తు చేరి నిప్పురవ్వ పుట్టవచ్చును. నింపిన పిదప దానిని కారులోని కెక్కించు వారెవరు? అదియుగాక, ఇచ్చటి పెట్రోలులో సాధారణముగ పదవవంతు ఇథనాలు కలిసియుండును. నెలల తరబడి నిలువయుంచిన అది చెడి, ఇంజనుకు చేటు తెచ్చును.

బ్యాటరీలతో నడచు చిన్న పంపు వీనియన్నిటిలో మాకు నచ్చినది. డబ్బాను నేలమీదనే యుంచి, గొట్టము టాంకిలో పెట్టి, మీట నొక్కిన చాలును. కాని కొనునపుడు దానిమీది వ్రాత చదువవలెను. నీళ్లకు మాత్రమే పనికివచ్చునవి చూపునకు అట్లే యుండును. వానిని పెట్రోలుకు వాడరాదు.

పంపు కొనబోవుచుండగా మా యింటి ఇల్లాలు అడిగిన ప్రశ్న మొత్తము ఆలోచననే మార్చినది: “వారమునకు ఎంత ఖర్చగుచున్నది?” కొలిచి చూడగా ఒక్క గాలను! ఒక్క గాలను పోయుటకు ఇన్నాళ్లు అయిదు గాలన్లు ఎత్తుచుంటిమన్నమాట. టాంకిని అంచువరకు నింపవలెనని ఎవరు శాసించిరి?

పంపు మాని, రెండు గాలన్ల డబ్బా కొంటిమి. నిండినను పెట్రోలు బరువు ఆరు కిలోలకు లోపే. రెండు వారములు వచ్చును. వెడల్పుమూతి గరాటు నొకదానిని ట్రాక్టరు ప్రక్కనే తగిలించితిమి. కోత ముగిసిన పిదప గాక, మరునాటి కోతకు ముందు, ఇంజను చల్లగా నున్నపుడే, ఆరుబయట పోయుచున్నాము. రెండవ డబ్బా లేదు. బంకు నాలుగు మైళ్లే. భుజము ఇంకను నొచ్చునపుడు పంపు మాట మరల తలపునకు వచ్చుచుండును. బహుశః వచ్చే యేట కొనెదమేమో.

పెద్ద డబ్బాలో మిగిలిన మంచి పెట్రోలును కారులో పోసితిమి. ఖాళీ డబ్బాను మామూలు చెత్తలో వేయరాదట. ప్రమాదకర వస్తువులు సేకరించు దినము వచ్చువరకు అది కొట్టము మూల నున్నది.