లక్వా వచ్చినప్పుడు గడియారం చూడండి



మన చాగలమర్రిలో ఎవరికైనా కాలూచెయ్యీ పడిపోతే "గాలి సోకిందిలే, తెల్లారనీ చూద్దాం" అనే మాట వింటుంటాం. ఆ తెల్లారేలోగా మెదడులో ఏం జరుగుతుందో నాలుగు మాటలు మనవి చేస్తాం.

మెదడుకు నిలవ సరుకు ఉండదు. రక్తం తెచ్చే ప్రాణవాయువు, గ్లూకోజు మీదనే క్షణక్షణం బతుకుతుంది. రక్తనాళానికి గడ్డ అడ్డుపడితే, రక్తం బొత్తిగా అందని చోట కణాలు నిమిషాల్లో చనిపోతాయి. చుట్టుపక్కల కొద్దోగొప్పో అందేచోట కణాలు పని మానేసినా కొన్ని గంటలు బతికే ఉంటాయి. మనం కాపాడుకోగలిగింది వాటినే.

ఇంకో సంగతి ఉంది. జపాన్ వైద్యుడు టకాకి కిరినో 1982లో ఒక పరిశోధన ప్రకటించారు. జెర్బిల్ అనే ఎలుకవంటి జంతువుకు మెదడుకు పోయే రక్తం 5 నిమిషాలు ఆపి, మళ్లీ వదిలారు. మొదటి రోజు జ్ఞాపకశక్తికి ముఖ్యమైన భాగంలో కణాలు ఇంచుమించు బాగానే కనిపించాయి. నాలుగో రోజుకు అక్కడి ఒక వరుస కణాలు దాదాపు అన్నీ నశించాయి! రక్తం ఆగినప్పుడు గ్లూటమేట్ అనే రసాయనం మితిమీరుతుంది, కాల్షియం కణంలోకి చొరబడుతుంది. ఆ దెబ్బ లోలోపలే పని చేస్తుంది. కాలువకు నీళ్లు మళ్లీ వచ్చినా, వేరు దెబ్బతిన్న పైరు రెండు రోజులకు వాలిపోయినట్లే. ఈ ఆలస్యపు చావును ఆపే మందుల కోసం ఎంతో వెదికారు. జంతువుల్లో పనిచేసినవి అనేకం మనుషుల్లో ఆ ఫలితం ఇవ్వలేదు. అందుకే త్వరగా రక్తం అందించడమే మనకున్న గట్టి ఉపాయం.

మూతి వంకరపోయినా, చెయ్యి లేవకున్నా, మాట తడబడినా వెంటనే టైము గుర్తుపెట్టుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, అదీ స్కానింగ్ చేసి నరం చిట్లలేదని తేల్చుకున్నాకే. కనుక స్కానింగ్ ఉన్న ఆసుపత్రికే నేరుగా పోవాలి. నోట్లో నీళ్లు, పసరు పోయరాదు. సొంతంగా మాత్ర వేయరాదు. పావుగంటలో చెయ్యి లేచిందని ఊరుకోనూ రాదు, అది పెద్దదానికి ముందు హెచ్చరిక కావచ్చు.

మన ఊరు కర్నూలు–కడప రహదారి మీదే ఉంది. 108 బండి 2005 నుంచి మన రాష్ట్రంలో తిరుగుతోంది. దారి ఉంది, బండి ఉంది. కదలాల్సింది మనమే. బి.పి., షుగరు ఉన్నవారు మాత్రలు మానవద్దు. బీడీ, సిగరెట్టు మానండి.

ఈ మాట ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు కూడా చెప్పమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.