పదిహేడు మందే అయినా అది బడే

(కృష్ణా డెల్టాలోని ఒక పల్లె ప్రాథమిక పాఠశాల ఆవరణలో, సంక్రాంతి సెలవుల తర్వాత జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)

 

పగలంతా పనికి పోయి వచ్చారు. ఇంకా పొయ్యి మీద ఎసరు పెట్టనివాళ్ళు కూడా ఇక్కడ కూర్చున్నారు. కాబట్టి ఎక్కువసేపు మాట్లాడను. బడి సంగతులు మూడు చెబుతాను. మనం చెయ్యాల్సిన పనులు నాలుగు చెబుతాను. మధ్యలో ఒక చేదుమాట కూడా చెప్పాలి. అది నాకూ తగిలే మాటే. ఓర్చుకోండి.

మొదటి సంగతి. మన బడి హాజరుపట్టీలో ఇవాళ పదిహేడు పేర్లున్నాయి. అయిదు తరగతులకీ కలిపి పదిహేడు. నాలుగేళ్ళ కిందట నలభై దాటి ఉండేవి. పల్లెలో పిల్లలు పుట్టడం మానేశారా? లేదు. మరి ఎక్కడికి పోయారు?

2022 జూన్‌లో ప్రభుత్వం 117 జీవో ఇచ్చింది. మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని కిలోమీటరు లోపున్న పెద్ద బడుల్లో కలపమన్నది. కాగితం మీద కిలోమీటరంటే చిన్న గీత. మన పిల్లలకి కిలోమీటరంటే ఏంటి? పెద్దకాలవ వంతెన దాటాలి, ధాన్యం లారీలు తిరిగే రోడ్డు దాటాలి, వానాకాలంలో బురద డొంక దాటాలి. ఎనిమిదేళ్ళ పిల్లని ఒంటరిగా పంపలేక కొందరు కాన్వెంటు బస్సు ఎక్కించారు. కొందరు పనికి పోతూ చెయ్యి పట్టుకుని దింపారు. పనికి పోవడం ఆలస్యమైన రోజున కూలి పోయింది, కూలికి పోయిన రోజున చదువు పోయింది. ఆ ఏడాది రాష్ట్రంలో ఎన్నో ఊళ్ళలో తల్లిదండ్రులు బడి గేటు ముందు కూర్చున్నారు. మనమూ కూర్చున్నాం.

2025లో ఆ జీవోని రద్దు చేశారు. మన తరగతులు మనకి తిరిగొచ్చాయి. కానీ పిల్లలు తిరిగి రాలేదు. జీవో పోయింది, అది చేసిన గాయం మిగిలింది. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. బడిని తాళం వేసి మూసెయ్యక్కర్లేదు. కాస్త దూరం పెట్టి, టీచరుని తగ్గించి, ఓపిక పట్టి కూర్చుంటే చాలు. తర్వాత ‘మీ బడికి పిల్లలే రావడంలేదు కదా’ అని మననే అడగొచ్చు.

రెండో సంగతి. మనకి ఒక్కరే టీచరు. రెండో టీచరు బదిలీ అయ్యాక ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. అయిదు తరగతులకి మేడంగారు ఒక్కరే. ఒకటో తరగతికి అ ఆలు దిద్దించాలి, అయిదో తరగతికి భాగహారాలు చెప్పాలి, ఫోనులో లెక్కలు ఎక్కించాలి, గుడ్లు లెక్కపెట్టి దించుకోవాలి. ఆవిడకి జ్వరమొస్తే బడికే జ్వరమొచ్చినట్టు. మనవాళ్ళు అర్జీ పట్టుకుని ఆఫీసుకి వెళ్తే, ‘మీకు ఇరవై దాటలేదు కదా’ అన్నారు. అంటే నలుగురు పిల్లలు తక్కువైనందుకు పదిహేడు మంది చదువు సగం కావాలా?

మూడోది మంచి సంగతి. ఆ అర్జీని కమిటీ సమావేశంలో చదివింది ఎవరనుకున్నారు? మూడో తరగతి పిల్ల. నిలబడి, తడుముకోకుండా చదివింది. మనం రాసిన కాగితంలో ఒక వత్తు తప్పుంటే అది కూడా చెప్పింది. వాళ్ళమ్మ వేలిముద్ర వెయ్యబోతుంటే ఆపి, పక్క కాగితం మీద అమ్మ పేరు రాసి చూపించింది. ఆ తల్లి దాన్ని చూసి చూసి, వంకరటింకరగానైనా సంతకం పెట్టింది. నేను చాలా సభలు చూశాను. అంత గొప్ప ఉపన్యాసం ఎక్కడా వినలేదు. ఈ పదిహేడు మంది బడి చేసిన పని అది.

ఇక చేదుమాట. రోజూ పొద్దున్నే ఎనిమిదింటికి మన రావిచెట్టు దగ్గర పచ్చబస్సు ఆగుతుంది. మన పల్లె పిల్లలు ఇరవైముగ్గురు అందులో ఎక్కుతారు. రెండేళ్ళపాటు అందులో నా మనవడు కూడా ఎక్కాడు. బడి బడి అని ఊరూరా తిరిగి చెప్పే నేనే ఎక్కించాను. ఎందుకు? టై కట్టుకుని, బూట్లేసుకుని వాడు నడిచొస్తుంటే, మా నాన్న చెప్పులు చేతిలో పట్టుకుని ఊళ్ళోంచి నడిచింది గుర్తొచ్చి గుండె నిండేది. అది తప్పు కాదు. మన పిల్లలు బూట్లేసుకోవాలి, ఇంగ్లీషు మాట్లాడాలి. కానీ రెండేళ్ళ తర్వాత వాడిచేత కరెంటు బిల్లు మీద నా పేరు చదవమంటే చదవలేకపోయాడు. ఇంగ్లీషులోనూ రాలేదు, తెలుగులోనూ రాలేదు. పాటలు మాత్రం అప్పజెప్పాడు. అప్పు తెచ్చి ఫీజు కట్టింది పాటలకా? మొన్న జూన్‌లో తెచ్చి ఇక్కడ చేర్పించాను. పదిహేడు మందిలో వాడొకడు.

ఇంగ్లీషు కోసం అంటారా? మన సర్కారు బడి పుస్తకాలు తెరిచి చూడండి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగు. డబ్బు కోసం అంటారా? 2020 నుంచి అమ్మఒడి అన్నారు, 2025లో తల్లికి వందనం అని పదమూడు వేలు తల్లి ఖాతాలో వేశారు. సర్కారు బడిలో చదివినా వేశారు, ప్రైవేటు బడిలో చదివినా వేశారు. మన చేతిలో పడ్డ డబ్బు రాత్రికి రాత్రే ఫీజు కింద పచ్చబస్సువాళ్ళ చేతికి పోయింది. మన బడికి రెండో టీచరు మాత్రం రాలేదు.

రేపు ఈ బడి నిజంగానే మూతబడితే ఎవరి పిల్లలు ఆగిపోతారు? కొద్దో గొప్పో సంపాదన ఉన్నవాళ్ళ పిల్లలు ఆగరు. కైకలూరు వైపు చేపల చెరువుల మీదికి పనికి పోయి, పిల్లల్ని ముసలమ్మ దగ్గర వదిలినవాళ్ళ పిల్లలు ఆగిపోతారు. మొగుడు పోయిన ఆడదాని పిల్లలు ఆగిపోతారు. ఇద్దరుంటే మగపిల్లాడిని బస్సెక్కించి, ఆడపిల్లని ఇంట్లో చంటివాడికి కాపలా పెడతాం. మన అందరికంటే కింద ఉన్నవాళ్ళకి ఈ బడి తప్ప వేరే బడి లేదు. అందుకే ఇది దళిత ఉద్యమం పట్టించుకోవాల్సిన సంగతి అంటున్నాను.

ఇప్పుడు ఒకమాట చరిత్ర. ఈ జిల్లాలో చదువు మనకి ఎవరూ పిలిచి ఇవ్వలేదు. బందరులో 1843లో పెట్టిన నోబుల్ బడి పెద్దకులాల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టిందే. మన పల్లెలకి గడ్డిపాక బడులు తర్వాతెప్పుడో వచ్చాయి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట కట్టారు. కాలవల్లో నీళ్ళొచ్చాయి, భూములున్నవాళ్ళకి సిరులొచ్చాయి. ఆ సిరుల్లోంచే కాలేజీలు లేచాయి. నాట్లేసిన మన చేతులకి పలక రావడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది.

1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్ళు మహాసభ పెట్టారు. పంచములని పిలిచిన సభ, మేం ఆది ఆంధ్రులం అని పేరు మార్చుకుని లేచింది. ఆ రోజుల్లో దుర్గగుడి తలుపులు మూసేశారని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. ఆ సభలో మనవాళ్ళు ఏం అడిగారు? మా పల్లెల్లో బడులు కావాలి, బావులు కావాలి అన్నారు. నూరేళ్ళు దాటింది. ఆనాడు వాళ్ళు అడిగి తెచ్చిన బడిని, ఈనాడు మనం అడక్కుండా పోగొట్టుకుందామా?

అంతకుముందే 1882లో జోతిరావు ఫూలే హంటర్ కమిషన్ ముందు ఇదే చెప్పాడు. రైతుకూలీల దగ్గర వసూలు చేసిన డబ్బు పైకులాల పెద్ద చదువులకి పోతోంది, కిందివాళ్ళ ప్రాథమిక విద్యకి చిల్లర కూడా రావడంలేదన్నాడు. విజయవాడ చుట్టూ కార్పొరేట్ కాలేజీల మేడలు చూసి, మన బడి కారే గదిని చూస్తే, ఆయన నిన్న చెప్పినట్టే ఉంటుంది.

అయితే ఆయన చేతిలో లేనిది ఒకటి మన చేతిలో ఉంది. అది చట్టం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని చివర షెడ్యూలు అని ఒక పట్టిక ఉంటుంది. ఒకటి నుంచి అయిదు తరగతుల బడిలో పిల్లలు అరవై మంది దాకా ఉంటే ఇద్దరు టీచర్లు ఉండాలని అందులో రాసుంది. ఇరవై దాటితేనే ఇద్దరని ఎక్కడా లేదు. పదిహేడు మంది కూడా అరవై లోపే కదా! ఏడాదికి రెండొందల రోజులు బడి నడవాలని ఉంది. అదే చట్టం 21వ సెక్షన్ బడి కమిటీ గురించి చెబుతుంది. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, వెనకబడ్డ కులాల పిల్లల తల్లిదండ్రులకి వాటా ఉండాలి. బడికి ఏం కావాలో ప్రణాళిక రాసే హక్కు ఆ కమిటీదే. 2024 ఆగస్టు 8న మన రాష్ట్రమంతటా ఆ కమిటీల ఎన్నికలు జరిగాయి. మనం ఆ రోజు చేతులెత్తి, టీ తాగి ఇళ్ళకి పోయాం. పంచాయతీ ఎన్నికకి చూపించే పట్టుదలలో పదోవంతు ఇక్కడ చూపించలేదు.

భోజనం సంగతి కూడా వినండి. మధ్యాహ్నం అన్నం మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి పెడుతున్నారు. వంటవాళ్ళని పెట్టుకునేటప్పుడు దళితులకి, ఎస్సీ ఎస్టీలకి ముందుగా అవకాశం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మన బడిలో మన అక్క వండుతుంది, పక్కవీధి బీసీ పిల్లలు కూడా వచ్చి పక్కన కూర్చుని తింటారు. ఊళ్ళో పెద్దలు వందేళ్ళలో చెయ్యనిది ఈ పిల్లలు రోజూ ఒంటిగంటకి చేస్తున్నారు. బడి మూతబడితే పోయేది చదువు ఒక్కటే కాదు, ఈ పంక్తి కూడా పోతుంది.

ఇంకొక మాట. మాలపల్లి, మాదిగపల్లి మధ్య వర్గీకరణ మీద మాటలున్నాయి. ఎవరి వాదన వాళ్ళది. దాన్ని సభల్లో తేల్చుకుందాం. ఈ బడి రెండు పల్లెల నడుమ ఉంది. రెండు పల్లెల పిల్లలు కలిస్తేనే పదిహేడు. విడిపోతే ఒక్కో పల్లెకీ పది కూడా రారు.

ఇప్పుడు పనులు. మొదటిది, వచ్చే సోమవారం అర్జీల రోజున బందరు కలెక్టరాఫీసుకి వెళ్దాం. కనీసం పదిమంది తల్లులు రావాలి. మగవాళ్ళం వెనక ఉంటాం. అర్జీలో షెడ్యూలు మాట రాసి, రెండో టీచరుని అడుగుదాం. రసీదు తీసుకోకుండా రావద్దు.

రెండోది, వచ్చే వారం నుంచి రాత్రి ఏడింటికి ఇదే అరుగు మీద అరగంటసేపు తల్లుల చదువు. నేర్పేది పెద్దక్లాసు పిల్లలే. మళ్ళీ కమిటీ ఎన్నిక వచ్చేసరికి రిజిస్టరులో ఒక్క వేలిముద్ర ఉండకూడదు. అదే మన పందెం.

మూడోది, ఏప్రిల్ 14 బాబాసాహెబ్ జయంతి. ఈసారి మైకు సెట్టు ఖర్చు సగం తగ్గిద్దాం. మిగిలిన డబ్బుతో పిల్లలందరినీ విజయవాడ స్వరాజ్ మైదానం తీసుకెళ్దాం. 2024 జనవరి 19న అక్కడ 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించారు. తల ఎత్తి చూడనివ్వండి. అక్కడే వాళ్ళకి చెబుదాం: ఈ మనిషి చిన్నప్పుడు సతారా బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చుని చదివాడు, దాహమేస్తే ఎవరో పోస్తేనే నీళ్ళు తాగాడు అని. విగ్రహం ఎంత ఎత్తు కట్టినా, దాని మొదలు అలాంటి ఒక బడిలోనే ఉంది.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది. జూన్ 12న బడి తెరుస్తారు. అప్పటిదాకా ఆగితే పచ్చబస్సువాళ్ళు మార్చిలోనే వచ్చి అడ్వాన్సు పట్టుకుపోతారు. అందుకని మినుము తీతలు మొదలు కాకముందే ఇంటింటికీ తిరుగుదాం. ఎవర్నీ తిట్టొద్దు, సిగ్గుపరచొద్దు. ‘మీ పిల్లాడిచేత ఒక పేరా చదివించండి, మా మూడో తరగతి పిల్ల కూడా చదువుతుంది, విని మీరే తేల్చుకోండి’ అందాం. ఇరవైముగ్గురిలో నలుగురొస్తే చాలు, ఆఫీసు లెక్క కూడా మూసుకుపోతుంది. చట్టం లెక్క మనవైపు ఎలాగూ ఉంది. రెండు లెక్కలూ పట్టుకుని పోట్లాడదాం.

అన్నలారా, మన తాతలకి భూమి రాలేదు. మన నాన్నలకి సగం కూలే వచ్చింది. ఈ పల్లెలో ప్రభుత్వం మన పేరున కట్టిన గోడలు ఈ రెండు గదులవే. వాటి మీద మన పిల్లలు సుద్దముక్కతో పేర్లు రాసుకుంటున్నారు. చెరిపెయ్యనివ్వొద్దు.

సోమవారం తొలి బస్సుకి రావిచెట్టు దగ్గర కలుద్దాం.

జై భీమ్!