ముసలోళ్లను చివరిదాకా చెప్పనివ్వాలి

(సెప్టెంబర్ 17 సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఏటా ఈ రోజు వచ్చిందంటే ఒకటే పంచాయితీ. విమోచనమా, విలీనమా, విద్రోహమా అని. ఎవరి జెండా వారిది. సాయుధ పోరాటాన్ని కళ్లారా చూసినవాళ్లు మాత్రం ఊళ్లలో వేళ్ల మీద లెక్కబెట్టేంత మందే మిగిలారు. ఆనాటి పదేళ్ల పిల్లలే ఇవాళ తొంభైకి దగ్గరపడ్డారు.

వాళ్లను వేదిక ఎక్కించి శాలువా కప్పుతారు. కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన సంగతి, బైరాన్‌పల్లి బురుజు సంగతి చెప్తే చప్పట్లు కొడతారు. "మిలిటరీ వచ్చినంక..." అని ఎత్తుకోగానే "టైం అయింది తాతా" అని మైకు అందుకుంటారు.

మేం అడిగేది ఆ మిగతా కథే. నిజాం లొంగింది 1948 సెప్టెంబర్‌లో. పోరాటం విరమించింది 1951 అక్టోబర్‌లో. నడుమ మూడేళ్లు ఏమైంది? సంఘానికి భయపడి ఊరిడిచిన దొరలు చాలాచోట్ల మిలిటరీ వెనకాలే తిరిగొచ్చారు. పంచిన భూములు గుంజుకున్నారు. దళాలకు అన్నం పెట్టారని జనాన్ని కొట్టారు. ముసలోళ్లు తారీఖులు తప్పుతారు, నిజమే. కానీ ఏ చెలక ఎవరు దున్నారో, ఎన్ని పంటలు తీసినంక పోయిందో అడిగి చూడండి. రైతుకు కావాల్సిన చరిత్ర అదే కదా!

స్త్రీశక్తి సంఘటన వాళ్లు పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలు ఓపికగా విని, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేశారు. పోరాటం అయిపోయినంక ఇంటికి పొమ్మన్నారన్న బాధ కూడా అందులో ఉంది. నాయకులకు రుచించని మాటలూ ఉన్నాయి. విన్నది విన్నట్టు వేశారు.

ఇంకో మాట. కొందరికి నచ్చకపోవచ్చు. మిలిటరీ వచ్చిన ఆ రోజుల్లోనే ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింలను వేలల్లో చంపారు. పోలీసు చర్యప్పుడు, ఆ తర్వాత సంస్థానమంతటా పోయిన ప్రాణాలు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ చెప్పింది. ఆ నివేదికను దశాబ్దాలు తొక్కిపెట్టారు. రజాకార్ల చేతుల్లో బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాట వింటాం. ఆ వెంటనే బిడ్డను పోగొట్టుకున్న ముస్లిం తల్లిని ఏ సభకు పిలిచారు?

అందుకని మండల కమిటీలకు ఒక పని అప్పజెప్తున్నాం. యాసంగి నాట్లు మొదలుకాకముందే మీ ఊరి పెద్దల దగ్గరికి పోండి. సభకు రమ్మనొద్దు, వాళ్ల అరుగు మీదే కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేసేముందు అడగండి. మధ్యలో సరిదిద్దొద్దు. ఏడిస్తే ఫోన్ ఆపి నీళ్లివ్వండి, రేపు మళ్లీ పోవచ్చు. ఆ రికార్డు ముందు వాళ్ల ఇంటివాళ్లకు ఇచ్చి, తర్వాత సంఘం ఆఫీసుకు పంపండి.