వినడం కూడా ఒక విద్యే

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా చదువు, నా ఉద్యోగం రెండూ ఉర్దూలోనే. తెలుగు నేను ఇరుగుపొరుగువారి వద్ద, బజారులో నేర్చుకొన్నాను. మాటల్లో తప్పులు దొర్లితే పెద్దమనసుతో మన్నించగలరని మనవి.

"మావాడు చెప్పినమాట వినడు సార్" అని తల్లిదండ్రులు నాతో అంటూ ఉంటారు. మేము ఉపాధ్యాయులం కూడా అదేమాట అంటాం. చదవడం నేర్పుతాం, వ్రాయడం నేర్పుతాం. వినడం మాత్రం వాడికి పుట్టుకతోనే వచ్చేసిందనుకొంటాం. నిజానికి వినడం కూడా నేర్పవలసిన విద్యే. చిన్నపిల్లలకు దానిని ఆటలో నేర్పినట్టు బెత్తంతో నేర్పలేము.

మనందరం చిన్నప్పుడు ఆడిన "చిడియా ఉడ్" ఆట జ్ఞాపకం ఉన్నదా? అందరూ గుండ్రంగా కూర్చుని నేలమీద వేలు పెట్టాలి. "చిడియా ఉడ్" అంటే వేలెత్తాలి, "కవ్వా ఉడ్" అంటే ఎత్తాలి. "భైంస్ ఉడ్" అన్నప్పుడు ఆడించేవాడు తన వేలెత్తి మోసం చేస్తాడు. వాడి వేలు చూసి గేదెను ఎగరేసినవాడు ఓడినట్టే. చూసినదానిని కాక విన్నదానిని నమ్మాలి. అదే ఈ ఆటలోని పాఠం.

మా రెండవ తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. ఇమ్లా చెబితే పక్కవాడి పలకలోకి చూసేవాడు. వాడు మొండివాడనుకొని వెనుక బెంచీలో కూర్చోబెట్టాను. ఒకరోజు కోపంలో చెవి కూడా మెలిపెట్టాను. తర్వాత ఒక శనివారం "చిడియా ఉడ్" ఆడించాను. వాడు ప్రతిసారీ గేదెను ఎగరేశాడు. పిల్లలందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మరునాడు ఇంట్లో ఆలోచన వచ్చింది. సోమవారం పిల్లల వెనుక నిలబడి ఆడించాను. "కవ్వా ఉడ్" అనగానే అందరి వేళ్ళూ లేచాయి. వాడు మాత్రం అటూ ఇటూ చూసి ఆ తర్వాత ఎత్తాడు. అప్పుడు నా గుండె గుభేలుమన్నది. వాడు వినకపోవడం కాదు, వాడికి వినపడటం లేదు!

తల్లిని పిలిపించాను. చిన్నప్పటినుంచి చెవిలో చీము కారుతున్నదనీ, గోరువెచ్చని నూనె పోస్తున్నామనీ చెప్పింది. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాం. వైద్యంతో చీము ఆగింది, వినికిడి కొంత మెరుగైంది. మరుసటి వారంనుంచే వాణ్ణి మొదటి బెంచీలోకి మార్చాను. నేను మెలిపెట్టిన చెవి మాత్రం నాకు మరపుకు రాదు.

ఇంకొక ఆట "చెవిలో మాట". మొదటి పిల్లవాడి చెవిలో "కల్ షామ్ కూ ఖాలా" అని చెప్పాను. పదిమందిని దాటి చివరివాడి నోట "కాలా షామియానా" అని వచ్చింది! రేపు సాయంత్రం రావలసిన పిన్ని నల్లని పందిరి అయిపోయింది. నవ్విన తర్వాత మాట ఎక్కడ మారిందో పిల్లలే వెతికి పట్టుకొన్నారు.

ఉర్దూలో "ళ" శబ్దం లేదు. అందుచేత మన పిల్లలు తెలుగు పాఠంలో తడబడతారు. "కల" అంటే కూర్చోవాలి, "కళ" అంటే నిలబడాలి అని ఆడించండి. చెవికి తేడా తెలిస్తే నాలుకకు అదే వస్తుంది. ఖాళీ డబ్బాల్లో బియ్యం, చింతగింజలు, ఇసుక పోసి ఊపి, కళ్ళు మూసుకొని చెప్పమనండి. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మాంటిస్సోరి గారి పద్ధతిలో మౌనపు ఆట ఒకటున్నది. పిల్లలు కదలక మెదలక కూర్చోవాలి. టీచరు పక్కగదినుంచి మెల్లగా ఒక్కొక్కరి పేరు పిలుస్తుంది. పిలుపు విన్నవారు చప్పుడు కాకుండా లేచి వెళ్ళాలి. కేకలకు లొంగని పిల్లలు గుసగుసకు లొంగుతారు.

పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో దాదాపు 60 శాతం నివారించదగిన కారణాలవల్ల వచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన హైదరాబాదువారైన అలీ యావర్ జంగ్ గారి పేరిట 1983లో బొంబాయిలో నెలకొల్పిన జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. అవసరమైనవారు దానిని ఉపయోగించుకోవాలి. చెవిలో నూనె పోయకండి, పుల్లలు పెట్టకండి. చీము కారితే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.

తల్లులకు నా విన్నపం ఒక్కటే. రోజుకు పది నిమిషాలు ఫోను పక్కనపెట్టి పిల్లలతో ఇలాంటి ఆట ఆడండి. వారు చెప్పేది మీరూ వినండి. మనం వినకపోతే వారు ఎవరిని చూసి నేర్చుకొంటారు? సంఘ పెద్దలకు మరొక విన్నపం. మన వైద్య శిబిరంలో కళ్ళతోపాటు బడిపిల్లల చెవులు కూడా పరీక్ష చేయించండి. ఏ బడిలో ఏ వెనుక బెంచీలో వినపడని పిల్లవాడు తిట్లు తింటున్నాడో మనకు తెలియదు.