టీకాకు తోడు

(బాగేపల్లి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సీమలో చాలామందికి ఇంట తెలుగు, బడిలో కన్నడం, ఆసుపత్రి చీటీ మీద ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ అసలు విషయం జారిపోతుంటుంది. అందుకే ఒక కఠినమైన శాస్త్రవిషయాన్ని ఇంటిమాటలో చెప్పబూనుకున్నాను.

పాలు పెరుగు కావాలంటే తోడు వేస్తాం. కొన్ని టీకాలకూ తోడు కావాలి. ఇంగ్లీషులో దానిని అడ్జువెంట్ అంటారు. మనం 'తోడుమందు' అందాం. ఒక తేడా ఉంది. పెరుగుతోడులోని సూక్ష్మజీవులు బతికి పెరుగుతాయి. నేను చెప్పబోయే తోడుమందులలో కొన్నింటిలో ఉండేవి చంపిన సూక్ష్మజీవులు, లేదా వాటి గోడలోని పదార్థాలు. అవి పెరగవు, శరీరంలోని కావలికణాలను మేల్కొలుపుతాయి.

గర్భం తొలినాళ్లలో పిండం నుంచి హెచ్.సి.జి. అనే హార్మోను వెలువడుతుంది. అది లేనిదే గర్భం నిలువదు. దానిని అడ్డగించే టీకాను ఢిల్లీలోని జాతీయ రోగనిరోధకశాస్త్ర సంస్థలో ఆచార్య జి.పి. తల్వార్ బృందం రూపొందించింది. అయితే సొంత హార్మోనును శరీరం శత్రువుగా ఎంచదు. కనుక దానిని విషశక్తి తీసిన ధనుర్వాత, డిఫ్తీరియా పదార్థాలకు జతచేసి, తోడుమందు కలిపారు.

ఏ తోడు మేలు? అల్యూమినియం లవణం నెమ్మదైనది, కాని బలం తక్కువ. చంపిన క్షయ సూక్ష్మజీవులను నూనెలో కలిపిన ఫ్రాయిండ్ తోడు జంతువులలో ఎంతో బలమైనది. పుండ్లు పుట్టిస్తుంది కనుక మనుషులకు పనికిరాదు. కొన్ని సూక్ష్మజీవుల గోడలోని ఎల్.పి.ఎస్. జ్వరం తెస్తుంది, దాని తీవ్రతను రసాయనికంగా తగ్గించి, మొదటి సూదిలో అల్యూమినియం లవణంతోపాటు వాడారు.

1994లో వెలువడిన ఫలితాల ప్రకారం, 148 మంది స్త్రీలలో 119 మందికి ప్రతిరక్షకాలు కావలసిన స్థాయికి, అంటే మిల్లీలీటరుకు 50 నానోగ్రాములకు, పైగా చేరాయి. ఆ స్థాయి నిలిచిన 1224 ఋతుచక్రాలలో ఒక్కసారే గర్భం వచ్చింది. ప్రతిరక్షకాలు తగ్గాక సంతానశక్తి తిరిగి వచ్చింది.

మిగిలిన 29 మంది మాటేమిటి? వారికి ఆ రక్షణ అందలేదు. తర్వాతి పరిశోధన వారివంటి వారి కోసమే. జన్యుసాంకేతికతతో హార్మోను ముక్కను ఇ.కోలై విషంలోని నిరపాయకర భాగంతో కలిపారు. కుష్ఠు టీకాగా రూపొందిన 'మైకోబాక్టీరియం ఇండికస్ ప్రాణీ'ని చంపి తోడుగా చేర్చారు. చిట్టెలుకలలో ప్రతిరక్షకాలు బాగా పెరిగాయి. ఎలుకలో ఫలించినది మనిషిలోనూ ఫలించాలని లేదు. మనుషులలో పరీక్షించి తేల్చుకోవలసిందే.

మరొక చిక్కు ఉంది. మాత్రను స్త్రీ తలచుకున్ననాడు మానగలదు. ప్రతిరక్షకాలను అలా ఆపలేదు. అవి తగ్గేదాకా వేచి ఉండాలి. 1990లలో పలుదేశాల మహిళాసంఘాలు ఈ పరిశోధనను వ్యతిరేకించడానికి ఇదీ ఒక కారణం. తోడు బలపడినకొద్దీ ఈ ప్రశ్న కూడా బలపడుతుంది.

అందువల్ల నా విన్నపం ఒక్కటే. తోడు బలమెంతో ప్రయోగశాల తేల్చుతుంది. దానిని తన ఒంట్లోకి రానివ్వాలో వద్దో ఆమె తేల్చుకోవాలి. రేపు ఇటువంటి పరీక్ష ఈ ఊళ్లకు వస్తే, సమ్మతిపత్రం ఆమె ఇంటిభాషలో ఉండాలి. చదవలేని అమ్మకు ఆ భాషలోనే వివరించాలి. అర్థంకాని కాగితం మీద వేసిన వేలిముద్ర సమ్మతి కాదు.